బెల్లానికి ఆరున్నరేళ్లు. పళ్లు పెరిగాయి, మూత్రసంచిలో రాయి. ఇంకా వైద్యం చేయిస్తూ పోవాలా, సూది వేయించి పంపించేయాలా?

బెల్లం వాళ్లమ్మ · హన్మకొండ · మే 5, రాత్రి 10:40

అందరికీ నమస్తే. బెల్లం మా గినీ పిగ్. ఆడది, ఆరున్నరేళ్లు. పాప రెండో తరగతిలో ఉన్నప్పుడు ఇంటికొచ్చింది, ఇప్పుడు పాప తొమ్మిదిలోకి వెళ్తోంది. తోడుగా నువ్వులు అని ఇంకోటి ఉంది, దానికి నాలుగేళ్లు.

దసరా తర్వాత బెల్లం తిండి తగ్గించింది. హైదరాబాద్ తీసుకెళ్తే, వెనక పళ్లు పెరిగి నాలుక మీదికి వంగాయని చెప్పి మత్తిచ్చి అరగదీశారు. బాగైంది. సంక్రాంతి దాటాక మళ్లీ అదే. మళ్లీ చేయించాం. ఇప్పుడు ఇంకోసారి వచ్చింది, ఈసారి ఒంటరిగా రాలేదు. మూత్రం పోసేటప్పుడు వీపు పైకి లేపి సన్నగా ఏడుస్తోంది. కింద పరిచిన తెల్లగుడ్డ మీద గులాబీ రంగు మరకలు. ఇక్కడి డాక్టర్ గారు ఎక్స్‌రే తీయించారు. మూత్రసంచిలో శనగగింజంత రాయి.

ఒకప్పుడు 980 గ్రాములుండేది. ఉగాదికి 810. ఈ రోజు వంటింటి కాటా మీద 655.

రాయికీ పళ్లకీ ఒకేసారి హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయిద్దామంటారు మా ఆయన. అత్తమ్మేమో "ఇంట్ల పెరిగిన జీవిని చంపుకుంటరా, దాని టైం వస్తే అదే పోతది" అంటుంది. నేను సిరంజితో తినిపిస్తూ ఇద్దరి మాటా వింటున్నాను.

నన్ను ఆపుతున్నది ఒక్కటే. కొత్తిమీర కవరు చప్పుడు వినిపిస్తే చాలు, ఇప్పటికీ గూట్లోంచి ఈల వేసుకుంటూ వస్తుంది. కాడ నోట్లో పెట్టుకుని దవడ పక్కకి ఒకటి రెండుసార్లు తిప్పుతుంది. కాడ తడిసి, నలగకుండా అలాగే జారి పడుతుంది. మళ్లీ ఆ కాడనే తీసుకుంటుంది. ఇట్లా పరుగెత్తుకొచ్చేదాన్ని ఎట్లా పంపించను?

---

కాజీపేట జంక్షన్ · మే 5, రాత్రి 11:15

అక్కా, ముందు ఈ రాత్రి సంగతి. సిరంజి ఎదురుగా పెట్టి నొక్కకండి, పెదవి పక్క నుంచి, ముందు పళ్ల వెనక సందులో పెట్టి కొంచెం కొంచెంగా వేయండి. నమిలి మింగాకే ఇంకో చుక్క. ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, అప్పుడు మీరు నిర్ణయం తీసుకునేదాకా కూడా ఆగదు. రికవరీ పౌడర్ (తినలేని జంతువులకి నీళ్లలో కలిపి పెట్టే పొడి) లేకపోతే మామూలు పెల్లెట్లే, అంటే దాణా గుళికలే, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి మెత్తగా చేసి పెట్టొచ్చు. రాత్రి కూడా ఒకసారి లేవాల్సిందే. వీటి పేగు ఆగకూడదు. పన్నెండు గంటలు కడుపులోకి ఏమీ పోకపోతే అది ఎమర్జెన్సీ కిందే లెక్క.

మిగతాది పొద్దున మాట్లాడుకుందాం. మీరు కూడా ఏమైనా తిన్నారా?

---

మామునూరు పోరడు · మే 6, ఉదయం 7:05

నేను వెటర్నరీ చివరి సంవత్సరం విద్యార్థిని. మాకు ఎక్కువగా వచ్చేవి గేదెలు, గొర్రెలు, కుక్కలు. గినీ పిగ్ వస్తే క్లాసంతా చుట్టూ చేరుతుంది. డాక్టర్‌ని కాదు కాబట్టి తెలిసినంతే చెప్తాను.

బెల్లానికి ఆకలి పోలేదు, నోరు పోయింది. గినీ పిగ్ పళ్లన్నీ, ముందువీ వెనకవీ, బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలినప్పుడు ఒకదానికొకటి రాసుకుని అరిగితేనే సరిపోతుంది. కింది దవడ పళ్లు లోపలికి వంగి వంతెనలా కలిస్తే నాలుక దాని కింద ఇరుక్కుంటుంది. నోట్లోది వెనక్కి నెట్టలేదు. కాడ తీసుకుని వదిలేయడం అందుకే. ఒకసారి ఈ వరస చెడితే చాలా వాటికి జీవితాంతం కొన్ని వారాలకోసారి అరగదీయిస్తూ ఉండాలి. ప్రతిసారీ మత్తు. 980 గ్రాముల మీద మత్తు వేరు, 655 మీద వేరు.

రాయి సంగతి. వీటికి వచ్చేవి ఎక్కువగా కాల్షియం కార్బొనేట్ రాళ్లు. మందుతో కరగవు. ఆడవాటిలో చిన్న రాయైతే ఒక్కోసారి దానంతటదే బయటికొస్తుంది, శనగగింజంత అంటే కష్టం. ఆపరేషన్ చేసినా మళ్లీ వచ్చే అవకాశం ఉంది.

నొప్పి మందు ఇస్తున్నారా? మెలాక్సికామ్ లాంటిది వాడతారు, ఎంత, ఎలా అనేది డాక్టర్ చెప్పాలి. మూత్రంలో రక్తం చూసి ఎవరైనా మెడికల్ షాపులో అమాక్సిసిలిన్ తెచ్చి వేయమంటే మాత్రం వేయకండి. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు వీటి పేగులోని మంచి బ్యాక్టీరియాను చంపి, చెడ్డ బ్యాక్టీరియా విషానికి దారి తీస్తాయి. కుక్కకి మేలు చేసే మందు దీన్ని చంపేస్తుంది.

---

నిర్వాహకులు · మే 6, ఉదయం 9:20

"ఒక ఎలుక కోసం ఇంత లొల్లి ఏంది" అన్న కామెంట్ తీసేశాం. ఇంకొకరు మనుషుల నొప్పి మాత్ర డోసు రాశారు, అది కూడా తీసేశాం. ఈ థ్రెడ్‌లో మందుల మోతాదులు రాయొద్దు.

---

గోదావరిఖని నైట్ షిఫ్ట్ · మే 6, ఉదయం 10:02

అక్కా, "దాని టైం వస్తే అదే పోతది" అన్న మాట మా ఇంట్లో కూడా అనుకున్నాం. మా మగ గినీ పిగ్ తిండి మానేసింది. ఇక్కడ చూపిస్తే, పెద్దదైంది, ఇంటికి తీసుకుపొండి, ప్రశాంతంగా పోతుందన్నారు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి పొట్ట డప్పులా బిగుసుకుపోయి ఉంది. పక్కకి పడి పళ్లు కొరుకుతోంది. మా ఆవిడ రాత్రంతా దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. మధ్యాహ్నం దాకా పట్టింది. ప్రశాంతం అన్న మాట ఎవరు కనిపెట్టారో కానీ నేనైతే చూడలేదు.

మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. నిద్రలో పోయేవీ ఉంటాయి. కానీ తినలేని గినీ పిగ్‌కి సహజ మరణం అంటే చాలాసార్లు ఆకలీ గ్యాసూనే.

---

ధర్మపురి గట్టు · మే 6, మధ్యాహ్నం 1:30

నేను వేరే మాట చెప్తాను, కోపగించుకోకండి. ప్రాణం పోసింది మనం కాదు, తీసే హక్కు మనకి ఎక్కడిది? మా నాన్న ఆఖరి రోజుల్లో ఆరు నెలలు మంచంలో ఉన్నాడు, ఆయనకీ నొప్పి ఉంది. ఎవరమూ సూది గురించి అనుకోలేదు. సేవ చేశాం. ఈ జీవి ఇంకా ఈల వేస్తూ మీ దగ్గరికి వస్తోంది. నాకు బతకాలని ఉంది అని అంతకన్నా గట్టిగా ఎట్లా చెప్తుంది?

---

కాజీపేట జంక్షన్ · మే 6, మధ్యాహ్నం 2:10

ధర్మపురి అన్నా, మీ నాన్నగారి దగ్గర మీరు "నొప్పి ఎక్కడుంది" అని అడిగారు, ఆయన చెప్పాడు. బెల్లం చెప్పలేదు. ఇవి గద్దకీ నక్కకీ ఆహారమయ్యే జాతి, నొప్పి బయటికి కనిపిస్తే చంపేస్తాయని దాచుకోవడమే వీటి తత్వం. మనకి కనిపించేసరికే చాలా ముదిరి ఉంటుంది.

ఈల వేస్తోంది అంటే ఆకలేస్తోంది అని. దాన్ని బతకాలన్న కోరికగా చదువుతారా, రోజంతా తీరని ఆకలిగా చదువుతారా? నాకు రెండోదే కనిపిస్తోంది. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

---

ధర్మపురి గట్టు · మే 6, మధ్యాహ్నం 2:45

సిరంజితో ఆకలి తీరుస్తున్నారు కదా మరి. అంత మాత్రానికే చంపేస్తామా?

---

గొర్లమంద · పరకాల వైపు · మే 6, రాత్రి 8:50

మాది గొర్ల కాపరుల ఇల్లు. గొర్రె వయసు మేము పళ్లు చూసే చెప్తాం. పళ్లు పోయిన ముసలి గొర్రె మందతోనే నడుస్తుంది, అందరితోపాటు గడ్డి మీద మూతి పెడుతుంది. దూరం నుంచి చూస్తే మేస్తున్నట్టే ఉంటుంది. సాయంత్రం డొక్క మీద చెయ్యి పెడితే తెలుస్తుంది, ఖాళీ. మేము అక్కడిదాకా రానివ్వం, ముందే అంగట్లో అమ్మేస్తాం. మీరు దాన్ని దయ అంటారో పాపం అంటారో మీ ఇష్టం. మాకు ఆలోచించే టైం ఉండదు కాబట్టి బాధ తక్కువ. మీకు టైం ఉంది, అదే మీ కష్టం.

మూతి పెట్టేది కాదు, డొక్క చూడండి అక్కా.

---

ఉప్పల్‌లో ఓరుగల్లు · మే 6, రాత్రి 9:30

హైదరాబాద్ తీసుకొద్దామనుకుంటే నాకు చెప్పండి, చిన్న జంతువులు చూసే డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తా. కానీ ఒక్క మాట. ఇది మే నెల. దాదాపు 145 కిలోమీటర్ల రోడ్డు, అటూ ఇటూ. గినీ పిగ్‌కి 27, 28 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది, చెమట పట్టదు, వేడి బయటికి పంపే దారి చాలా తక్కువ. జనగామ దాటేసరికి బయట 42 ఉంటుంది. రావాలంటే తెల్లవారకముందే ఏసీ కారులో బయల్దేరి ఎండ ఎక్కేలోపు చేరాలి. ఐస్ బాటిల్‌కి గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి, మీద కాదు.

ఈ ప్రయాణం దాని కోసమా, "మేం అన్నీ చేశాం" అని మనకి మనం చెప్పుకోవడం కోసమా? మా కుక్క విషయంలో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, అందుకే అడుగుతున్నా.

---

బెల్లం వాళ్లమ్మ · మే 7, ఉదయం 6:20

అందరి మాటలూ రాత్రే చదివాను. ఆకలి గురించి కాజీపేట అన్న అన్నది, డొక్క గురించి గొర్లమంద అన్న చెప్పింది చదివాక నిద్ర పట్టలేదు. నిజంగానే చెయ్యి పెట్టి చూశాను. వెన్నుపూసలు ఒక్కొక్కటిగా తగులుతున్నాయి. బొచ్చు ఉబ్బి ఉండటంతో కంటికి తెలియలేదు.

డాక్టర్ గారు నొప్పి మందు మొదలుపెట్టారు. మందు పడ్డాక కాసేపు కాళ్లు చాపి పడుకుంటోంది. నువ్వులు దాని వీపుకి ఆనుకుని పడుకుంటుంది. మందు దిగిపోయే వేళకి మళ్లీ ముడుచుకుంటోంది.

పాపకి ఎట్లా చెప్పాలి?

---

కరీంనగర్ టీచరమ్మ · మే 7, ఉదయం 8:00

ఉన్నది ఉన్నట్టు చెప్పండమ్మా. తొమ్మిదో తరగతి పిల్లకి అన్నీ అర్థమవుతాయి. "నిద్రపుచ్చుతారు" అని మాత్రం అనకండి, చనిపోతుంది అనే అనండి. అభిప్రాయం అడగండి, కానీ చంపాలా వద్దా అన్న తీర్పు పిల్ల చేత చెప్పించకండి. "డాక్టరూ మేమూ కలిసి నిర్ణయం తీసుకుంటాం, నువ్వు దగ్గరుంటావా, ఉండవా, అది మాత్రం నీ ఇష్టం" అంటే చాలు. ఉండనంటే బలవంతం వద్దు. ఉంటానంటే పంపేయకండి.

---

మామునూరు పోరడు · మే 7, రాత్రి 9:10

అమెరికాలో ఆలిస్ విల్లలోబోస్ అనే వెటర్నరీ డాక్టర్ 2004లో ఒక పద్ధతి పెట్టారు. నొప్పి, తిండి, నీళ్లు, శుభ్రత, సంతోషం, కదలిక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా లేదా, ఈ ఏడింటికీ పదేసి మార్కులు. 35 దాటితే ఇంకా చూసుకోవచ్చు అంటారు. మాకు పాఠంలో ఉంది. కుక్కలకీ పిల్లులకీ పనికొస్తుంది. గినీ పిగ్‌కి "సంతోషం" అన్న దగ్గర ఎన్ని మార్కులు వేయాలో నాకైతే అర్థం కాదు, వేసేవాళ్ల మనసుని బట్టి మారిపోతుంది. దీనికి కాటా నయం. రోజూ ఒకే వేళకి, తినిపించక ముందు తూచండి. సిరంజితో పూర్తిగా పెడుతున్నా బరువు తగ్గుతుంటే, మీరు పెట్టేది సరిపోవడం లేదని కాదు, ఒళ్లు దాన్ని వాడుకోలేకపోతోందని.

ఇంకొకటి. గీత ముందే గీసుకోండి. అర్ధరాత్రి అది అరుస్తుంటే ఏడుస్తూ తీసుకునే నిర్ణయం వేరు, పగలు నలుగురూ కూర్చుని తీసుకునే నిర్ణయం వేరు.

---

బెల్లం వాళ్లమ్మ · మే 8, రాత్రి 10:05

ఈ రోజు 640.

డాక్టర్ గారు హైదరాబాద్‌లో పళ్లు చేసిన డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడారు. ఈ బరువు మీద రెండు ఆపరేషన్లు ఒకేసారి చేస్తే మత్తు నుంచి లేస్తుందని చెప్పలేమన్నారు, లేచినా పళ్ల కోసం మళ్లీ రావాల్సిందే. ఫోన్ పెట్టేశాక మా ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "కారు వద్దులే" అన్నారు.

నలుగురం కూర్చుని మామునూరు తమ్ముడు చెప్పిన గీత గీసుకున్నాం. నొప్పి మందు పడ్డాక కూడా కాళ్లు చాపి పడుకోకపోతే ఒకటి. నువ్వుల దగ్గర నుంచి విడిగా పోయి పడుకుంటే ఒకటి. కొత్తిమీర కవరుకి రాకపోతే ఒకటి. ఈ మూడింటిలో రెండు జరిగితే ఫోన్ చేస్తాం, ఇంకో రోజు చూద్దాం అనుకోము. మూడోది పాప పెట్టింది.

అత్తమ్మ సగంలో లేచిపోయింది. కాసేపయ్యాక వచ్చి గూడు పక్కన కూర్చుని, కొత్తిమీర కాడ కింద పడటం చూసి, "నోట్లెకు పోనప్పుడు ఆకలెందుకు పెట్టిండో దేవుడు" అంది. ఇక అడ్డు చెప్పలేదు. ఒప్పుకుందని కూడా నేననను.

డాక్టర్‌ని ఏమేం అడగాలి? ఆయన చాలా మంచివాడు, కానీ గినీ పిగ్‌కి ఎప్పుడూ చేయలేదట.

---

మామునూరు పోరడు · మే 8, రాత్రి 11:00

మొహమాటం లేకుండా అడగండి. "ముందు పూర్తిగా మత్తులోకి పంపి, స్పర్శ లేదని చూశాకే రెండో మందు ఇస్తారా?" ఇది ముఖ్యం. ఇంత చిన్న జీవికి నరం దొరకడం కష్టం. మత్తు కండలోకి ఇస్తారు, లేదా గ్యాస్ ఉంటే గ్యాస్. అది పడుకున్నాక, కాలివేళ్ల మధ్య నొక్కినా కదలకపోతే, అప్పుడే ఎక్కువ మోతాదు మత్తుమందు పొట్టలోకి గానీ గుండెలోకి గానీ ఇస్తారు. మెలకువగా ఉన్నదానికి నేరుగా గుండెలో సూది గుచ్చడం, మత్తు లేకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించడం లాంటివి ఒప్పుకోకండి. ఆయనకి అనుభవం లేకపోయినా మత్తు లెక్క తెలుసుంటే చాలు, హైదరాబాద్ డాక్టర్‌తో ఎలాగూ మాట్లాడుతున్నారు.

కళ్లు మూసుకోవు, తెరిచే ఉంటాయి. మూత్రం పోవచ్చు, కండ ఒకసారి అదరవచ్చు. పాప దగ్గరుంటే ముందే చెప్పండి. గుండె ఆగిందని స్టెతస్కోప్‌తో చూసి చెప్పమనండి.

ఇంట్లో ఎవరికి వారు చేసే పద్ధతులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, వాటి జోలికి వెళ్లొద్దు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం బాధపడే జంతువుకి ముక్తినివ్వడాన్ని గుర్తిస్తుంది, బాధపెట్టి చంపడాన్ని నేరమంటుంది.

---

ధర్మపురి గట్టు · మే 9, ఉదయం 6:45

నా అభిప్రాయం మారలేదు. కానీ మీరు నలుగురూ కూర్చుని మాట్లాడుకున్న తీరు చూశాక, మిమ్మల్ని తప్పు పట్టే నోరు నాకు లేదు తల్లీ. ఈ ఎండకి గూడు దగ్గర తడిగుడ్డ కట్టండి.

---

బెల్లం వాళ్లమ్మ · మే 12, సాయంత్రం 5:30

నిన్న రాత్రి మందు పడ్డాక కూడా బెల్లం ముడుచుకునే ఉంది. గూటి మూలకి పోయి గోడ వైపు తిరిగి కూర్చుంది. నువ్వులు వెళ్లి ముక్కు ఆనిస్తే పక్కకి జరిగింది. పాప వంటింట్లోకి వెళ్లి కవరు తీసింది. రాలేదు. మూడూ అయిపోయాయి.

పొద్దున ఎండ ఎక్కకముందే డాక్టర్ గారు ఇంటికే వచ్చారు. మీరు చెప్పినవన్నీ అడిగాను, ఆయన ఏమీ అనుకోలేదు, ఆయనే కాగితం మీద రాసుకొచ్చారు. తువ్వాలు మీద నా ఒళ్లోనే మత్తు సూది వేశారు. మా ఆయన దాని కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టారు. తల నెమ్మదిగా వాలిపోయింది. చాలాసేపు ఆగి, వేళ్లు నొక్కి చూసి, అప్పుడు రెండోది ఇచ్చారు. పాప ఉంటానంది, ఉంది. అత్తమ్మ పూజగదిలోనే ఉంది, బయటికి రాలేదు.

నువ్వులకి చూపించాం. చెవి దగ్గర వాసన చూసింది, ఒకసారి దాటుకుని అవతలికి వెళ్లింది, తర్వాత వచ్చి గడ్డి తింది. పాపకి కోపం వచ్చింది, తింటోందేంటి అని. నాకు మాత్రం ఊపిరి వచ్చినట్టయింది.

మా ఊరి చెలకలో పాతిపెట్టాం. ఆ మందు పడిన శరీరాన్ని కుక్కలు తవ్వి తింటే వాటికీ ప్రమాదమని డాక్టర్ చెప్పారు, అందుకని మూడడుగులు తీయించి పైన రాళ్లు పేర్చాం.

---

గోదావరిఖని నైట్ షిఫ్ట్ · మే 12, సాయంత్రం 6:10

చదివాను అక్కా. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను.

---

కాజీపేట జంక్షన్ · మే 12, రాత్రి 7:00

నువ్వుల్ని కూడా రోజూ తూచండి అక్కా, కొన్నాళ్లు. తోడు పోయాక తిండి తగ్గించేవి ఉంటాయి, ఈ రోజు తిన్నది కదా అని వదలకండి. కొత్త తోడు తెద్దామనుకుంటే తొందరేం లేదు, ముందు పక్కపక్క గూళ్లలో పెట్టాలి. మా దగ్గర మూడేళ్ల ఆడది ఒంటరిగా ఉంది, వానలు పడ్డాక మాట్లాడుకుందాం.

---

కరీంనగర్ టీచరమ్మ · మే 12, రాత్రి 8:40

అమ్మా, ఇప్పుడు అడగొచ్చో లేదో. రికవరీ పౌడర్ ఏమైనా మిగిలిందా? మా కాలనీలో ఒక పిల్లాడి గినీ పిగ్‌కి పళ్లు చేయించారు, ఆర్డర్ పెడితే వచ్చే వారం అంటున్నారు.

---

బెల్లం వాళ్లమ్మ · మే 12, రాత్రి 8:55

తప్పకుండా అడగొచ్చు. తెరవని ప్యాకెట్ ఒకటుంది, తెరిచింది ఫ్రిజ్‌లో ఉంది. సన్న మూతి సిరంజిలు కూడా ఉన్నాయి, వేడినీళ్లతో కడిగి పెడతాను. మా ఆయన రేపు పొద్దున పని మీద కరీంనగర్ వస్తున్నారు, బస్టాండ్ దగ్గర ఎవరికివ్వాలో మెసేజ్ పెట్టండి. ఆ బాబుకి చెప్పండి, సిరంజి పక్క నుంచి పెట్టాలి, ఎదురుగా కాదు.